ఎమ్మారై ఫిల్ము మీది తెల్లని మచ్చలు

మెదడు ఎమ్మారై రిపోర్టులలో నేడు తఱచుగా కనబడు వాక్యమొకటి కలదు. శ్వేతపదార్థమునందు అక్కడక్కడ తెల్లని మచ్చలున్నవనియు, అవి చిన్న రక్తనాళములకు సంబంధించినవి కావచ్చుననియు, రోగి లక్షణములతో సరిచూచుకొనవలెననియు దాని భావము. కరీంనగరములోని స్కానింగు సెంటరునుండి ఆ రిపోర్టు కవరును చంకన బెట్టుకొని జగిత్యాలకో, హుజూరాబాదుకో, మంచిర్యాలకో బస్సెక్కిన మనిషి, ఇల్లు చేరులోపల దానిని చదువనేర్చిన ప్రతివానికిని చూపును. ఒకరు పక్షవాతమందురు, ఒకరు మతిమరుపు జబ్బందురు, వేఱొకరు గొంతు తగ్గించి కేన్సరందురు. ఆ రాత్రి ఇంట నెవరికిని నిద్రపట్టదు. ఇంతటి భయమును పుట్టించు ఆ మచ్చ యేమిటి, అది యెట్లేర్పడును, వైద్యుడు దానిని యెట్లు చదువును, చదివిన పిదప మనము చేయవలసిన దేమి అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఈ అధ్యాయము పని. ముందుగానే ఒక మాట చెప్పవలెను: ఫిల్ము మీది తెల్లదనము రోగము పేరు కాదు. మెదడులో ఆ చోట నీటి పాలు పెరిగినదని యంత్రము చెప్పిన సాక్ష్యము మాత్రమే. ఆ సాక్ష్యమునకు అర్థము రోగి వయస్సు, రక్తపోటు, వంశము, జీవనవిధానము అను వానితో కలిపి చూచినప్పుడే తేలును.

శ్వేతపదార్థము

మెదడును నిలువున కోసి చూచినచో రెండు వన్నెలు కనబడును. పైపొరయు, లోతున గల కొన్ని ముద్దలును బూడిదరంగున నుండును. నాడీకణముల దేహములు అచ్చటనే యున్నవి. వాని నడుమ మీగడ వన్నెతో నిండియున్న భాగము శ్వేతపదార్థము. మెదడు పరిమాణములో ఇంచుమించు సగము ఇదియే. నాడీకణములనుండి బయలుదేఱిన పొడవైన తంతువులు కట్టలు కట్టలుగా కూడి, మెదడులో ఒక ప్రాంతమునుండి మఱొక ప్రాంతమునకును, కుడి అర్ధగోళమునుండి ఎడమ అర్ధగోళమునకును, అటనుండి వెన్నుపామునకును పోవు మార్గమిది. ఆ తంతువులను చుట్టి మైలిన్ అను పొర యుండును. నీరు తీసివేసి తూచినచో ఆ పొర బరువులో 70 నుండి 80 శాతము వరకు క్రొవ్వుపదార్థములే. శ్వేతపదార్థమునకు తెలుపు వచ్చినది ఆ క్రొవ్వువలననే. ఈ పొరకు 1854లో జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో పేరు పెట్టెను. మెదడులో దానిని పెంచి పోషించు కణములను 1921లో స్పెయిన్ దేశీయుడైన పియో డెల్ రియో హోర్తేగా గుర్తించెను.

మైలిన్ లేని సన్నని తంతువులో సంకేతము సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగముతో నడచును. చక్కని మైలిన్ గల దొడ్డ తంతువులో సెకనుకు నూరు మీటర్లు దాటి పోగలదు. డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఇరువది యేండ్ల పురుషుని మెదడులో మైలిన్ గల తంతువులనన్నింటిని కొసకు కొస చేర్చినచో 1,76,000 కిలోమీటర్లు, స్త్రీ మెదడులో 1,49,000 కిలోమీటర్లు పొడవగును. భూగోళమును భూమధ్యరేఖవెంట నాలుగుసార్లు చుట్టినను పురుషుని మెదడులోని తంతువు ఇంకను మిగులును. ఆ పొడవు పదేండ్లకొకసారి సుమారు 10 శాతము చొప్పున తగ్గుచు వచ్చునని కూడ వారు గణించిరి.

కావున శ్వేతపదార్థము నెమ్మదిగా చెడునప్పుడు మొదట తగ్గునది పనుల వేగమును, వాని నడుమ పొందికయు. నడక నెమ్మదించును, వెనుకకు తిరుగునప్పుడు తూలు వచ్చును, దుకాణములో చిల్లర లెక్కచూచుటకు మునుపటికంటె ఎక్కువసేపు పట్టును, మూత్రము ఆపుకొనుట కష్టమగును, మనస్సు ఊరక క్రుంగును. వయస్సు మీద పడినదని మనము సరిపెట్టుకొను లక్షణములలో కొన్నింటికి మూలమిచ్చట నున్నది.

యంత్రము చూచునది

ఎమ్మారై యంత్రములో ఎక్స్‌రే కిరణములు లేవు. మన దేహములో ఎక్కువ భాగము నీరు. ప్రతి నీటి అణువులోను రెండు హైడ్రోజను పరమాణువులు గలవు. వాని కేంద్రకములగు ప్రోటానులు అతిసూక్ష్మములైన అయస్కాంతములవలె ప్రవర్తించును. ఆస్పత్రులలో సర్వసాధారణమైన 1.5 టెస్లా యంత్రము, భూమి అయస్కాంత క్షేత్రమునకు ముప్పది వేల రెట్లకు మించిన బలముగల క్షేత్రములో రోగిని పరుండబెట్టి, రేడియో తరంగములతో ఆ ప్రోటానులను కదలించి, అవి మరల కుదుటపడునప్పుడు వెలువరించు సంకేతములను పట్టి చిత్రముగా మలచును. ఈ అనునాదమును 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనువారు వేర్వేఱుగా కనుగొని 1952లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. దానితో చిత్రము గీయు మార్గమును 1973లో చూపిన పాల్ లాటర్‌బర్, ఆ మార్గమును వేగవంతము చేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో నోబెల్ బహుమానమును పొందిరి.

ఒకే మెదడును ఈ యంత్రము పలు విధములుగా చూపగలదు. టీ వన్ అను చిత్రములో నీరు నల్లగాను, క్రొవ్వు గల శ్వేతపదార్థము తెల్లగాను కనబడును. టీ టూ చిత్రములో నీరు తెల్లనై, ఆరోగ్యముగల శ్వేతపదార్థము నల్లబడును. నీరు చేరిన చోటు టీ టూలో తెల్లని మచ్చగా తేలును గాని, మెదడు నడుమనున్న కుహరములలోని ద్రవము కూడ అంతే తెల్లగా మెఱయుటచే, వాని యంచున గల మచ్చలు ఆ మెఱుపులో కలసిపోవును. ఈ చిక్కును తీర్చుటకు లండనులోని హామర్‌స్మిత్ ఆస్పత్రి శాస్త్రజ్ఞులు 1992లో ఫ్లెయిర్ అను పద్ధతిని ప్రకటించిరి. స్వేచ్ఛగా నున్న ద్రవమునుండి వచ్చు సంకేతమును అణచివేసి, కణజాలములో చిక్కుకొన్న నీటిని మాత్రము తెల్లగా చూపుట దాని ప్రత్యేకత. నేడు మనవారు భయపడుచున్న మచ్చలలో అధికభాగము ఈ ఫ్లెయిర్ చిత్రములో కనబడినవే.

ఇచ్చట పాఠకుడు గట్టిగా గుర్తుంచుకొనవలసినది ఒకటి కలదు. వాపు వచ్చినను నీరు పెరుగును; మైలిన్ ఊడినను నీరు పెరుగును; రక్తమందక తంతువులు నశించి ఆ ఖాళీలో మచ్చకట్టినను నీరు పెరుగును. కారణములు వేఱైనను ఫ్లెయిర్ చిత్రములో తెలుపు ఒక్కటే. అందుచేతనే వైద్యుడు ఒక్క చిత్రముతో తీర్పు చెప్పక తక్కిన చిత్రములను పక్కన బెట్టుకొనును. డిఫ్యూజన్ చిత్రములో క్రొత్త పక్షవాతపు చోటు కొన్ని గంటలలోనే మెఱసి, ఇంచుమించు పది పదునాలుగు దినములు మెఱయుచునే యుండును. పాత రక్తపు చుక్కలను నల్లగా చూపు చిత్రము వేఱొకటి. సిరలోనికి గడోలినియం మందెక్కించి తీసినచో, రక్తనాళముల అడ్డుగోడ చెదరిన క్రొత్త గాయములు వెలుగును.

చిన్న రక్తనాళములు, పెద్ద రక్తపోటు

మెదడు బరువు దేహము బరువులో 2 శాతమే ఐనను, దేహము వాడుకొను ప్రాణవాయువులో 20 శాతము దానికే కావలెను. మెదడు పైభాగమునుండి లోపలికి దిగు ధమనులును, అడుగుభాగమునుండి పైకెక్కు ధమనులును, అర మిల్లీమీటరు వెడల్పునకు లోబడి, దారిలో సన్నబడుచు, కుహరముల యంచులకు వచ్చుసరికి అంతమగును. శ్రీరాంసాగరు నీరు కాకతీయ కాలువవెంట పారునప్పుడు మొదటి ఆయకట్టునకు అందినంత ధారాళముగా చివరి భూములకు అందదు. పైన ఎక్కడ పూడిక పడినను, ఎక్కడ గండి పడినను, మొదట ఎండునది చివరి పొలమే. మెదడులో కుహరముల చుట్టునున్న శ్వేతపదార్థము అట్టి చివరి పొలము. ఏండ్లతరబడి హెచ్చిన రక్తపోటుచే ఆ సన్నని ధమనుల గోడలు దళసరియగును, రంధ్రము ఇఱుకగును, అవసరమునుబట్టి సాగి ముడుచుకొను గుణము పోవును, గోడలనుండి ద్రవము లీకగును. ఒకనాడు హఠాత్తుగా గాక, సంవత్సరములమీద ఆ చోట తంతువులు ఆకలితో కృశించి, ఫ్లెయిర్ చిత్రములో తెల్లని టోపీలుగను, చుక్కలుగను, పట్టెలుగను వ్యక్తమగును. చక్కెరవ్యాధియు, పొగాకును ఈ హానికి తోడుపడును.

ఆస్ట్రియా దేశపు నాడీవైద్యుడు ఫ్రాంట్స్ ఫజెకాస్ 1987లో తన సహచరులతో కలిసి ఈ మార్పులకు సులభమైన కొలమానము నొకదానిని ప్రకటించెను. లోతైన శ్వేతపదార్థములో మచ్చలేమియు లేనిచో సున్న. విడివిడి చుక్కలైనచో ఒకటి. చుక్కలు ఒకదానినొకటి అంటుకొన మొదలిడినచో రెండు. అవి కలిసి పెద్ద పలకలైనచో మూడు. రిపోర్టులో "ఫజెకాస్ గ్రేడ్ వన్" అని వ్రాయుట ఇందుకే. వయస్సు ముదిరిన వానికి ఒకటవ అంతస్తు సాధారణమైన సంగతి. మూడవ అంతస్తు ఏ వయస్సులోనైనను తేలికగా తీసికొనరానిది.

నెదర్లాండ్సులోని రోటర్‌డామ్ నగరమున 60 నుండి 90 ఏండ్ల వయస్సుగల 1,077 మందికి ఎమ్మారై తీసి 2001లో ప్రకటించిన పరిశీలనలో, మచ్చయే లేని మెదడు గలవారు 5 శాతము మాత్రమే. అనగా ఆ వయస్సున మచ్చ కనబడుట వింత కాదు. కాని, పలు పరిశీలనలను కూర్చి 2010లో వెలువడిన విశ్లేషణమొకటి, ఇట్టి మచ్చలు ఎక్కువగా గలవారికి పక్షవాతపు ముప్పు సుమారు మూడు రెట్లు, మతిభ్రంశపు ముప్పు సుమారు రెండు రెట్లు ఉన్నదని తేల్చినది. ఈ రెండు సత్యములను కలిపి పట్టుకొన్నవాడే మచ్చను సరిగా చదివినవాడు: మొదటి దానిని మఱచినవాడు నిష్కారణముగా భయపడును, రెండవ దానిని మఱచినవాడు నిష్కారణముగా నిశ్చింతగా నుండును.

భారతదేశమున పెద్దవారిలో 35.5 శాతమునకు రక్తపోటు, 11.4 శాతమునకు చక్కెరవ్యాధి ఉన్నవని భారత వైద్య పరిశోధనామండలి వారి దేశవ్యాప్త పరిశీలన 2023లో వెల్లడించినది. రక్తపోటు నొప్పి పెట్టదు. అందుచేత సిరిసిల్ల మరమగ్గముల కడ రాత్రిపాళీ నిలిచిన నేతగానికి గాని, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములనుండి గల్ఫునకు పోయి ఎడారి యెండలో ఏండ్లు గడిపి వచ్చినవానికి గాని, అది కలదని తెలియుటకు పట్టీ చుట్టి కొలుచుట తప్ప వేఱు దారి లేదు. ఐతే ఇందు ఆశకు తావున్నది. అమెరికాలో స్ప్రింట్ అను పేర జరిగిన పెద్ద పరిశోధనలో, పైరక్తపోటును 120కి దిగువన ఉంచుటకు యత్నించినవారి మెదడులో మచ్చల పరిమాణము సుమారు నాలుగేండ్లలో 0.92 ఘన సెంటీమీటరు పెరుగగా, 140కి దిగువన ఉంచినవారిలో 1.45 ఘన సెంటీమీటర్లు పెరిగినదని 2019లో ప్రకటించిరి. ఉన్న మచ్చ చెఱగిపోలేదు, పెరుగుట నెమ్మదించినది. మాత్రతో మెదడు లోపలి మార్పును నెమ్మదింప వచ్చునని ఫిల్ము మీదనే చూపుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కఱలేదు.

ఒక ఫిల్మును చదువుట

విషయము కంటికి కట్టుటకై ఒక రోగిని ఊహించుకొందము. కోరుట్ల సమీపమున ఒక పల్లె. బీడీలు చుట్టి బ్రతుకు అరువది నాలుగేండ్ల స్త్రీ. కొన్ని నెలలుగా లేచి నిలుచున్నప్పుడు తూలుచున్నది, మాట మఱచుచున్నది. కొడుకు కవరు తెఱచి వైద్యుని బల్లమీద బెట్టి అడుగును:

"సారూ, మా అవ్వ నెత్తిల తెల్ల మచ్చలున్నయని రాసిన్రు. కేన్సరా ఏంది?"

మంచి వైద్యుడు ఫిల్మును దీపపు పెట్టెకు తగిలించుటకు ముందు ప్రశ్నలడుగును. బీపీ ఎప్పుడు చూపించినారు? మూడేండ్ల క్రితము చూపించినారు, ఎక్కువ ఉన్నదన్నారు. మరి మాత్రలు? దానికి సమాధానము ఆమెయే చెప్పును:

"తలకాయ నొస్తలేదు గద సారూ, మంచిగనే ఉన్ననని గోలీలు బందువెట్టిన."

అప్పుడు ఫిల్ము. మొదట డిఫ్యూజన్ చిత్రము: ఎచ్చటను మెఱుపు లేదు, కావున ఈ వారములలో వచ్చిన క్రొత్త పక్షవాతము లేదు. పిదప ఫ్లెయిర్: కుహరముల ముందు కొమ్ములకును వెనుక కొమ్ములకును తెల్లని టోపీలు; వానిపైన లోతైన శ్వేతపదార్థములో చుక్కలు, కొన్ని ఒకదానినొకటి అంటుచున్నవి; కుడివైపున ఎట్లున్నవో ఎడమవైపునను ఇంచుమించు అట్లే యున్నవి. ఈ సౌష్ఠవము గొప్ప సాక్షి, ఏలయన రక్తపోటు రెండు వైపులను సమముగా బాధించును. రెండు అర్ధగోళములను కలుపు తంతువుల వంతెన శుభ్రముగా నున్నది. పైపొరకు ఆనుకొని వంగిపోవు పొట్టి తంతువులు కూడ శుభ్రముగా నున్నవి. వానికి రక్తము దగ్గరనుండియే అందును గనుక చిన్న రక్తనాళముల వ్యాధి సాధారణముగా వానిని విడిచిపెట్టును. లోతైన బూడిద ముద్దలో ఆరు మిల్లీమీటర్ల చిన్న గుంట కలదు: ఎప్పుడో, ఎవరికిని తెలియక వచ్చిపోయిన చిన్న పక్షవాతపు గుర్తు. పాత రక్తమును చూపు చిత్రములో ఆ ముద్దలలోనే రెండు నల్లని చుక్కలు. ఎక్కడను గడ్డ లేదు, ఒత్తిడి లేదు, మెదడు ఒక ప్రక్కకు జరిగినది లేదు. చివరకు చేతికి పట్టీ చుట్టి చూడగా బీపీ 170, 100.

ఆరు మిల్లీమీటర్ల గుంట, రెండు నల్లచుక్కలు, రెండు వైపుల టోపీలు, మూడేండ్లు ఆగిన మాత్ర, 170 అను సంఖ్య ఒకే కథను చెప్పుచున్నవి. "అమ్మా, ఇది కేన్సర్ కాదు. బీపీ వల్ల సన్నటి రక్తనాళాలు పాడైనయి. గోలీ ఇగ బందువెట్టొద్దు" అని వైద్యుడు చెప్పు మాటలో ఆ రిపోర్టు సారమంతయు నున్నది. కొడుకు భయము వేఱు, ఆ ఇంటికి ఉన్న అసలు ప్రమాదము వేఱు; ఫిల్ము చదువుటయనగా మొదటిదానిని తొలగించి రెండవదానిని చూపుట.

మచ్చలన్నియు ఒకటి కావు

ఇదే తెలుపు ఇరువదియెనిమిదేండ్ల యువతి మెదడులో కనబడినచో ప్రశ్న మాఱును. ఆమెకు ఒక కంటి చూపు కొన్ని దినములలో మందగించి, కన్ను కదల్చినప్పుడు నొప్పి యున్నచో, 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో వివరించిన మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి తలపునకు రావలెను. దేహరక్షణ వ్యవస్థయే మైలిన్‌పై దాడిచేయు వ్యాధియిది. ఇందు మచ్చలు అండాకారమున, కుహరములకు లంబముగా నిలిచి, అర్ధగోళములను కలుపు వంతెనను, పైపొర అంచును, మెదడు కాండమును, వెన్నుపామును అంటును. చిన్న రక్తనాళముల వ్యాధి విడిచిపెట్టు చోట్లనే ఇది ఎన్నుకొనును. కంటి నరమును, వెన్నుపామును ప్రధానముగా బాధించు వేఱొక వ్యాధి కలదు. దానికి కారణమైన ప్రతిరక్షకమును 2004లో అమెరికాలోని మేయో క్లినిక్కు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మల్టిపుల్ స్క్లెరోసిస్ మందులలో కొన్ని ఆ వ్యాధిని హెచ్చింపగలవు గనుక రెంటిని వేఱుచేయు రక్తపరీక్ష ముఖ్యము. ఇక ఒంటితలనొప్పి గల యువతులలో ఒకటి రెండు చిన్నచుక్కలు ఏ కీడును చేయక ఉండవచ్చును. వానిని చూచి జీవితాంతపు వ్యాధిపేరు అంటగట్టుట పెద్ద తప్పు.

ఉట్నూరు ఏజెన్సీలో నిండు గర్భిణికి తీవ్రమైన తలనొప్పి వచ్చి, కండ్లు కనబడక, ఫిట్సు మొదలైనవనుకొందము. గాలి సోకినదని దిష్టి తీయించుచు కూర్చుండుటకు వ్యవధి లేదు. ఎమ్మారైలో మెదడు వెనుకభాగపు శ్వేతపదార్థము రెండు వైపులను వాచి తెల్లగా కనబడును. గర్భవాతమున హఠాత్తుగా హెచ్చిన రక్తపోటువలన నాళముల గోడలు దాటి ద్రవము స్రవించుటచే కలిగిన వాపు అది. 1996లో దీనిని ప్రత్యేక లక్షణసముదాయముగా వైద్యలోకమునకు విశదపఱచిరి. రక్తపోటును దించి, మెగ్నీషియం సల్ఫేటు ఇచ్చి, కాన్పు జరిపించినచో ఎక్కువమందిలో ఆ మచ్చలు కొలది వారములలో మాయమగును, చూపు తిరిగివచ్చును. చెఱగిపోవు మచ్చలును కలవనుటకు ఇది సాక్ష్యము. ఆలస్యమైనచో మాత్రము తల్లి ప్రాణమే పోవచ్చును.

ఆదిలాబాదు చలి తెలంగాణమంతటను పేరుపడ్డది. తలుపులు కిటికీలు బిగించుకొని బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొను ఇండ్లలో కార్బన్ మోనాక్సైడ్ వాయువు పోగగును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్పృహతప్పినవారు ఆస్పత్రిలో తేఱుకొని ఇల్లు చేరిన రెండు నాలుగు వారములకు మాటతీరు మాఱి, నడక తడబడి, ఎమ్మారైలో శ్వేతపదార్థము రెండు వైపులను తెల్లబడుట కలదు. కుంపటి సంగతి ఎవ్వరును అడుగనిచో ఆ ఫిల్ము ఒక చిక్కుముడిగా మిగులును. అడిగినచో ఒక్క ప్రశ్నతో విడిపోవును.

గోండు గూడెముల పిల్లలు

ఉత్తర తెలంగాణములో శ్వేతపదార్థమును గూర్చి వ్రాయువాడు తప్పక చెప్పవలసిన వ్యాధి మఱియొకటి కలదు. గోండులు, కొలాములు, పరధానులు మొదలగు ఆదివాసులలో సికిల్ సెల్ జన్యువు కలదు. హీమోగ్లోబిన్‌లోని ఒక గొలుసులో ఆఱవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వేలీన్ అను ఆమ్లము చేరుటవలన, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎఱ్ఱకణము కొడవలివలె వంగి, పెళుసై, సన్నని నాళములలో చిక్కుకొనును. తల్లినుండియు తండ్రినుండియు ఆ జన్యువు వచ్చిన బిడ్డకు ఒళ్లు నొప్పులు, రక్తహీనత, పచ్చకామెర్లు కలుగుట ఆ గూడెములలో ఎల్లరకు తెలిసినదే. మెదడునకు కలుగు హాని మాత్రము పలువురికి తెలియదు.

రక్తము పలుచనైనప్పుడు మెదడు ఎక్కువ రక్తమును రప్పించుకొని లోటు తీర్చుకొనును. నుదుటి వెనుకను, దాని పైభాగమునను గల లోతైన శ్వేతపదార్థమున ఆ సర్దుబాటు చాలక చిన్న చిన్న తావులు చచ్చుబడును. చేయి పడిపోదు, మూతి వంకరపోదు. కావున దీనిని నిశ్శబ్ద పక్షవాతమందురు. మూడు మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని పరిమాణము గల ఫ్లెయిర్ మచ్చగా ఇది కనబడును. అమెరికా, ఫ్రాన్సు దేశములలో పరిశీలించిన తీవ్రరూపపు సికిల్ వ్యాధి గల పిల్లలలో పదునాలుగేండ్లు వచ్చుసరికి మూడవ వంతుకు మించినవారిలో ఇట్టి మచ్చలు తేలినవి. మన దేశపు సికిల్ రోగులలో గర్భస్థశిశు హీమోగ్లోబిన్ ఎక్కువ నిలిచియుండుటచే వ్యాధి కొంత మెత్తగా నుండుట కలదు గనుక ఆ సంఖ్యను ఇచ్చటికి అట్లే తెచ్చి అతికించరాదు. కాని ముప్పు లేదనుకొనుటకును వీలు లేదు.

ఆశ్రమపాఠశాలలో నాలుగవ తరగతి పిల్లవాడు నిరుడు చక్కగా చదివి ఈ యేడు లెక్కలు చేయలేకున్నాడనుకొందము. వానిని మొద్దని, సోమరియని పంతులు కసరుటకు ముందు వాని రక్తపరీక్ష కార్డు ఎక్కడున్నదని అడుగవలెను. కపాలము మీదుగా అల్ట్రాసౌండు పెట్టి మెదడు ధమనులలో రక్తవేగమును కొలిచి, అది సెకనుకు 200 సెంటీమీటర్లు గాని అంతకంటె ఎక్కువ గాని ఉన్న పిల్లలకు క్రమముగా రక్తము ఎక్కించినచో, మొదటి పక్షవాతపు ముప్పు తొంబది శాతమునకు పైగా తగ్గునని 1998లో ఋజువైనది. నిశ్శబ్ద పక్షవాతము అప్పటికే గల 196 మంది పిల్లలపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, నెలనెల రక్తము ఎక్కించినవారిలో 6 శాతమునకును, ఎక్కించనివారిలో 14 శాతమునకును క్రొత్త హాని కలిగినది. హైడ్రాక్సీయూరియా మాత్ర మన ప్రభుత్వాస్పత్రులలోను వాడదగిన మందు. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమమును ప్రారంభించి, ఆదివాసి ప్రాంతములలో విస్తారముగా రక్తపరీక్షలు జరిపించుచున్నది. పరీక్ష జరిగి వ్యాధి తేలిన బిడ్డకు బడియీడున ఒకసారియైనను మెదడు ఎమ్మారై తీయించుట అమెరికా రక్తవ్యాధి వైద్యుల సంఘము 2020లో చేసిన సూచన. ఆదిలాబాదు బిడ్డకు అది అక్కఱలేదని చెప్పుటకు న్యాయమైన కారణము నాకు కనబడదు.

ఆదివాసులకే గాక తక్కిన మనకును వంశమునుండి వచ్చు హాని కలదు. మైలిన్‌ను నిర్మించుటకో, దానిలోని వ్యర్థములను తొలగించుటకో కావలసిన జన్యువు రెండు ప్రతులును చెడినప్పుడు, చక్కగా నడచుచున్న బిడ్డ రెండు మూడేండ్లకు నడక మఱచి, మాట మఱచి, మంచము పట్టును. ఎమ్మారైలో శ్వేతపదార్థమంతయు రెండు వైపులను సమానముగా తెల్లబడును. మేనమామను పెండ్లాడిన స్త్రీకి పుట్టు బిడ్డలో ఏ జన్యువుయొక్క రెండు ప్రతులైనను ఒకే పూర్వీకునినుండి వచ్చుటకు ఎనిమిదింట ఒక వంతు, మేనబావను పెండ్లాడినచో పదునాఱింట ఒక వంతు అవకాశము గలదు. అట్టి బిడ్డ గల దంపతులు మరల గర్భము ధరించుటకు ముందే హైదరాబాదులోని నిమ్స్ వంటి ఆస్పత్రి జన్యువైద్య విభాగమున సలహా పొందుట మంచిది.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు

ఇంతవరకు చెప్పినదానినిబట్టి పాఠకుడు కొన్ని నియమములను ఏర్పఱచుకొనవచ్చును. రిపోర్టును మాత్రమే గాక ఫిల్ములను, డిస్కును భద్రపఱచుకొని, వైద్యుని కడకు పోవునప్పుడు పాత ఫిల్ములతోసహా కొనిపోవలెను. రెండు కాలముల చిత్రములను పోల్చినప్పుడే మచ్చ నిలిచినదో పెరిగినదో తెలియును. స్కాను ఎందుకు వ్రాసితిరని, నా వయస్సునకు ఈ మచ్చలు సహజమా ఎక్కువయా యని, వీనికి కారణమేమని తలంచుచున్నారని, నేను మార్చుకొనదగినది ఏమున్నదని వైద్యుని నిస్సంకోచముగా అడుగవలెను. లక్షణములు మాఱనిచో ఏటేట స్కాను తీయించుటవలన సొమ్ము పోవుటయే గాని లాభము లేదు. చేయి పడిపోయినను, మాట తడబడినను, మూతి వంకరపోయినను పాత రిపోర్టు చదువుచు కూర్చుండక తక్షణమే 108కి ఫోను చేయవలెను. రక్తపు గడ్డను కరగించు మందునకు వ్యవధి నాలుగున్నర గంటలే.

కరీంనగరమునుండి గాని, ఆదిలాబాదునుండి గాని ఎమ్మారై కొఱకు హైదరాబాదుకో నాగపురమునకో పోవలసిన దినములు క్రమముగా తగ్గుచున్నవి. ఆదిలాబాదులో 2008 నుండి రిమ్స్ వైద్యకళాశాల కలదు. 2022, 2023 సంవత్సరములలో జగిత్యాల, రామగుండము, మంచిర్యాల, కరీంనగరము, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. యంత్రములు దగ్గరయగుకొలది మచ్చలు మఱింతమందిలో కనబడును. వానిని చదువగల వైద్యులును, చదివినదానిని రోగి భాషలో చెప్పగల ఓర్పును అంతే వేగముగా పెరుగవలెను.

ఎమ్మారైకి వేలరూపాయలు కావలెను. శ్వేతపదార్థమును కాపాడుటకు కావలసిన పట్టీ ప్రతి ఉపకేంద్రములోను ఉన్నది, ముప్పదియేండ్లు దాటినవారికి అచ్చట బీపీ, షుగరు పరీక్షలు ఉచితముగా చేయుదురు. ఈ అధ్యాయమును చదివిన మీరు, మీ ఇంట ముప్పది దాటిన ప్రతివారిని, అందును తలనొప్పి లేదని మాత్ర మానివేసిన పెద్దవారిని ముందుగా, ఈ వారములోనే అచ్చటికి తీసికొనిపొండు. మాత్ర వ్రాసినచో దానిని ఒక్కనాడును ఆపనీయకుడు.